సంతలో నేను పుట్టించిన మాట

నేను చేసి రిటైరైన ఆహార తనిఖీ ఉద్యోగానికి ఎంపికైన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఎక్కడెక్కడ శాంపిళ్లు తీయాలి, కోర్టులో ఎలా నిలబడాలి అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. సీసా పట్టుకోవడం, సీలు వేయడం శాఖ ఎలాగూ నేర్పుతుంది. నోరు ఎలా వాడాలో మాత్రం అక్కడ ఎవరూ నేర్పరు. నేను దాన్ని ఒక చేపల సంతలో, ఒక మనిషికి నష్టం చేశాక నేర్చుకున్నాను. ఇది ముఖ్యంగా ఆ సంగతి రాయడానికే.

నా చదువు

నేను ఇంటర్ దాకా చదివాను. తర్వాత శానిటరీ ఇన్‌స్పెక్టరు కోర్సు చేశాను. మిగతా చదువంతా రాజమండ్రిలో మా ఇంటి దగ్గరున్న శాఖా గ్రంథాలయంలోనే. ఉద్యోగం తూర్పున అన్నవరం దాకా, పడమర పట్టిసీమ దాకా తిప్పింది గానీ, ఆదివారం పొద్దున్న ఆ గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల మాత్రం నాదే. లైబ్రేరియన్ గారు నా కోసం వేరేవాళ్లని అక్కడ కూర్చోనిచ్చేవారు కాదు. ఇది గొప్పగానే చెబుతున్నాను. డిగ్రీలున్న మా ఆఫీసువాళ్లు ఏదైనా రసాయనం పేరు తెలియకపోతే నన్నే అడిగేవారు.

నాకు మొదట పని నేర్పిన ఆఫీసరు గారిది వేరే తరహా. పుస్తకం ముట్టేవారు కాదు. ఏ హోటల్‌కి వెళ్లినా ముందు యజమానితో మాట్లాడేవారు కాదు. తిన్నగా వెనకవైపు అంట్లు తోమేచోటికి వెళ్లి, అక్కడి ఆడవాళ్లతో ఓ పావుగంట పిల్లల గురించీ, ఎండల గురించీ మాట్లాడేవారు. తిరిగొచ్చాక ఏ డబ్బా తెరవాలో ఆయనకి తెలిసిపోయేది. "పుస్తకాలు చదవవయ్యా, తప్పులేదు. కానీ గిన్నె కడిగే మనిషికి తెలిసినంత నీ పుస్తకానికి తెలీదు," అనేవారు. అప్పట్లో నాకది చిన్నతనంగా అనిపించేది.

ప్లాస్టిక్ బియ్యం

ఉద్యోగంలో నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఒకటి ఉంది. తిండి మీద ఏదైనా గొడవ లేచినప్పుడల్లా జనం నోట్లో ఒక కొత్త మాట పుడుతుంది. గొడవ చల్లారిపోతుంది, మాట ఉండిపోతుంది.

రేషను బియ్యంలో పోషకాలు కలిపిన గింజలు వేయడం మొదలుపెట్టినప్పుడు మండపేట చుట్టుపక్కల పెద్ద అలజడి లేచింది. ఆ గింజలు కాస్త తెల్లగా, వేరుగా ఉంటాయి, నీళ్లలో తేలతాయి. అవి ప్లాస్టిక్ బియ్యమని ఊరంతా అనుకున్నారు. నేను వీధివీధికీ తిరిగి, గింజ నలిపి చూపించి, ఉడికించి చూపించాను. ఒక ఇంట్లో అన్నం వార్చి పెట్టాక అక్కడి పెద్దావిడ నోట్లో వేసుకుని, "బియ్యమేనండి, ఒప్పుకున్నాను. ప్లాస్టిక్ బియ్యం అంటే మా తోటికోడలే. పైకి తెల్లగా నవ్వుతుంది గానీ, ఎంత ఉడకేసినా మెత్తబడదు," అంది. వంటగదిలోంచి తోటికోడలు, "వినబడుతోందక్కా," అంది.

తర్వాత ఏడాదికి ఆ బియ్యం గొడవ ఎవరికీ గుర్తులేదు. కానీ ప్రేమ నటించే మనిషిని 'ప్లాస్టిక్ బియ్యం' అనడం ఆ వీధుల్లో ఇంకా వినేవాణ్ని. ఇలాంటి మాటలు రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం పెట్టాను. ఏ ఊళ్లో విన్నాను, ఎవరన్నారు, ఏ గొడవలోంచి పుట్టింది, అన్నీ రాసేవాణ్ని.

జర్మన్ వాళ్ల కుళ్లు మాంసం

మా గ్రంథాలయం ఎదురుగా నర్సులకి జర్మన్ భాష నేర్పే కోచింగ్ సెంటరు ఒకటి వచ్చింది. అక్కడ పాఠం చెప్పే లలిత గారు కొన్నేళ్లు ఆ దేశంలో ఉండి వచ్చినావిడ. పేపరు చదవడానికి గ్రంథాలయానికి వచ్చేవారు. ఒకరోజు నా నోటు పుస్తకం చూసి నవ్వి, "ఈ పని జర్మన్ వాళ్లు మనకంటే బాగా చేస్తారండి," అన్నారు.

అక్కడ ఒకప్పుడు గడువు దాటి పాడైపోయిన మాంసాన్ని కొత్త చీటీలు అంటించి అమ్ముతూ కొందరు పట్టుబడ్డారట. దానికి పేపర్లన్నీ 'గామెల్‌ఫ్లైష్' అనే మాట వాడాయి. మగ్గిపోయిన మాంసం అని అర్థం. రెండు మాటలు కలిపి ఒకటి చేయడం వాళ్లకీ మనకిలాగే అలవాటు. ఇక కుర్రాళ్లు ఊరుకుంటారా? ముప్ఫై దాటినవాళ్లు చేసుకునే డాన్సు పార్టీకి 'గామెల్‌ఫ్లైష్ పార్టీ' అని పేరు పెట్టారు.

"ముప్ఫైకే మగ్గిపోయినట్టాండి?" అన్నాను.

"వాళ్లకి పద్దెనిమిది కదండి. ముప్ఫై అంటే తాతయ్యే," అన్నారావిడ.

పాలతో కాకుండా నూనెతో చేసిన చీజుకి ఒక మాట, ముక్కలు అతికించి ఒకే దుంగలా అమ్మిన మాంసానికి ఇంకో మాట. కార్లలో నీళ్లు గడ్డకట్టకుండా పోసే మందులాంటిది ద్రాక్షసారాలో కలిపారని తెలిసినప్పుడు, చలికాలంలో కారుకి కూడా ఒక గ్లాసు పట్టించమని జోకులేసుకున్నారట. నేను దాతలిచ్చిన పుస్తకాల అరలోంచి పాత జర్మన్ నిఘంటువు తీసుకుని, ప్రతి ఆదివారం ఆ మాటల్ని విడగొట్టి రాసుకునేవాణ్ని. నా ఉచ్చారణకి ఆవిడ చెవులు మూసుకునేవారు. అయినా వదల్లేదు.

వాటన్నిట్లోంచి నాకర్థమైంది ఒకటుంది. మోసపోయామని తెలిసిన జనం ముందు భయపడతారు. తర్వాత నవ్వుతారు. ఆ నవ్వులో పుట్టిన మాటని తిండి మీద నుంచి తీసి మనుషుల మీద వేస్తారు. జర్మనీలోనైనా, మండపేటలోనైనా అంతే. ఇంతవరకూ నా పరిశీలన సరైనదే. తర్వాత నేను చేసిన పనే సరైనది కాదు.

నీలం పట్టీ

చేపలకి ఫార్మలిన్ రాస్తున్నారని ఒక ఏడాది గగ్గోలు మొదలైంది. ఆస్పత్రుల్లో శవాలు పాడవకుండా వాడే మందు అది. మాకు పరీక్ష పట్టీలు ఇచ్చారు. చేప మీద కాగితం పట్టీ రుద్ది, దాని మీద ఒక చుక్క మందు వేయాలి. నీలం తిరిగితే అనుమానించాలి. అంతే, అనుమానించాలి. ఖాయం చేసేది ల్యాబు.

రాజోలు వైపు ఒక వారపు సంతకి వెళ్లాను. రేకుల షెడ్డు కింద మొదటి బుట్ట మంగమ్మది. యాభై దాటిన మనిషి, మత్స్యకారుల ఇంటి ఆడపడుచు. వాళ్లమ్మ కూర్చున్న చోటే ఆవిడా ముప్ఫై ఏళ్లుగా కూర్చుంటోంది. బుట్టలో వానమట్టలు ఉన్నాయి. ఎముక కూడా మెత్తగా, ఒళ్లంతా జారిపోయినట్టు ఉండే సముద్రపు చేపలవి.

పట్టీ రుద్దాను. చుక్క వేశాను. ముదురు నీలం.

చుట్టూ యాభై మంది ఉన్నారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. "ఏంటండీ, ఏం తేలిందండీ?" అని అడిగారు. అక్కడ నేను చెప్పాల్సింది "శాంపిలు పంపిస్తున్నాం" అని. నేను పట్టీ పైకెత్తి అందరికీ చూపించి, "ఇదీ మందు చేప," అన్నాను. అలా అంటుంటే కొంచెం హుషారుగా కూడా ఉంది.

మంగమ్మ లేచి నిలబడింది. "నేనేం మందూ రాయలేదండి బాబూ. మా తమ్ముడి పడవలో పడిన చేప. పక్క బుట్టలో కూడా ఇదే చేపుంది, అది చూడండి."

పక్క బుట్ట చూడలేదు. పట్టుబడిన ప్రతివాళ్లూ పక్కవాణ్ని చూపిస్తారు, అది మాకు అలవాటైన మాట. శాంపిలు కట్టి, సీలు వేసి వచ్చేశాను.

మూడు రోజుల తర్వాత బస్సులో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు నా ముందు సీట్లో కూర్చున్నారు. "మన ఫిజిక్స్ సారు మంగచేపరా. జుట్టుకి రంగు, మొహానికి క్రీము. ఎన్నేళ్లయినా పాడవడు," అన్నాడొకడు. రెండోవాడు పడీపడీ నవ్వాడు. అంటే నా వీడియో చూశారన్నమాట; నేనన్న 'మందు చేప' అప్పుడే 'మంగచేప' అయిపోయింది. ఇంటికొచ్చి నోటు పుస్తకం తీసి, 'మంగచేప: వయసు దాచుకునే మనిషి' అని రాసుకున్నాను. అచ్చం గామెల్‌ఫ్లైష్ పార్టీలాంటి మాట మన నేల మీద, నా కళ్లముందే పుట్టింది. ఆ రాత రాసేటప్పుడు నాకు సంతోషంగానే ఉంది. ఆ సంగతి దాచను.

ఆదివారం ఆ పేజీ లలిత గారికి చూపించాను. ఆవిడ చదివి, "మంగ అంటే ఎవరండీ?" అన్నారు.

"చేపలమ్మే ఆవిడండి."

"నిజంగా మందు కలిపిందా?"

"రిపోర్టు రావాలండి."

ఆవిడ పుస్తకం మూసి నా వైపు తోశారు. "అక్కడ ఆ మాంసం అమ్మిందెవరో ఇప్పుడు ఎవర్నడిగినా చెప్పలేరండి. మాటలో వాళ్ల పేరు లేదు. మీ మాటలో ఉంది." అంత మాత్రం అని పేపరు తీసుకున్నారు.

ఎదురుగా ఉన్న పుస్తకం

మూడు వారాలు దాటాక ల్యాబు నుంచి ఫోను వచ్చింది. "వానమట్టలా అండీ మీరు పంపింది? ఆ జాతి చేప చచ్చాక దాని ఒంట్లో ఆ రసాయనం దానంతటదే పుడుతుందండి. బయటి నుంచి కలిపిన గుర్తులేం లేవు. శాంపిలు పాస్," అన్నారు.

నమ్మబుద్ధి కాక గ్రంథాలయానికి పరుగెత్తాను. సముద్రపు చేపల మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. వానమట్ట గురించి ఒక పేరా అంతా ఇదే ఉంది. ఆ పుస్తకం జర్మన్ నిఘంటువున్న అరకి సరిగ్గా ఎదురు అరలో ఉంది. ఎన్ని ఆదివారాలు దానికి వీపు పెట్టి నిలబడి నిఘంటువు తిరగేశానో. నా ఉద్యోగానికి కావలసిన పుస్తకం వదిలేసి, ఊళ్లోవాళ్లు మెచ్చుకునే పుస్తకం చదివాను. చదువుకున్నానన్న గర్వం ఉన్నవాళ్లకి ఇది జరుగుతుంది. జాగ్రత్తగా ఉండండి.

రిపోర్టు కాగితం పట్టుకుని మంగమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. తాజాగా అమ్ముడవ్వని చేపలన్నీ ఉప్పు చేపలైపోతున్నాయి. కాగితం ఇవ్వబోతే తీసుకోలేదు.

"నాకెందుకండీ కాగితం? మీరప్పుడు కాగితం మీద అన్నారా? నోటితో అన్నారు. నాకు చదువు రాదు, ఆ సంతకొచ్చే సగం మందికి రాదు."

"మళ్లీ వెళ్లి కూర్చోమ్మా. నేనే వచ్చి బోణీ చేస్తాను."

"మీరొచ్చి నా బుట్ట దగ్గర నిలబడితే మళ్లీ పట్టుకున్నారనుకుంటారండి బాబూ. ఉన్నది కూడా పోద్ది."

అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఆ సంతలో ఒక కట్టుబాటుంది. వరసగా నాలుగు సంతలు ఒక చోటు ఖాళీగా ఉంటే, ఐదో సంతకి అది ఇంకొకరిది. జనం 'మంగచేప' అని నవ్వుతుంటే భరించలేక ఆవిడ మూడు సంతలు వెళ్లలేదు. వచ్చే మంగళవారం నాలుగోది. ఆ రేకుల కింద చోటు పోతే, తర్వాత ఎండలో, మురుగు కాలవ పక్కన కూర్చోవాలి. అక్కడ చేప మధ్యాహ్నం దాకా ఆగదు.

"మా అమ్మ చోటండి అది," అంది. "మీరు ఎక్కడ నిలబడి, ఎంత గట్టిగా అన్నారో, అక్కడే నిలబడి, అంత గట్టిగా అనండి. ఆ నీలం తిరిగే కాగితం ముక్కలు కూడా తెండి. అప్పుడు చూద్దాం."

నాలుగో సంత

అప్పటి మా ఆఫీసరు ఒప్పుకోలేదు. "శాంపిలు పాసైంది, ఫైలు మూసేశాం. సంతలో నిలబడి మనది పొరపాటని చెబితే రేపు ప్రతి వ్యాపారీ నిలదీస్తాడు," అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. చెడ్డ ఆఫీసరు కింద ఎలాగోలా నెట్టుకు రావచ్చు గానీ, భయపడే ఆఫీసరు కింద మంచి పని చేయాలంటే సెలవు పెట్టాలి. నేను మంగళవారం సెలవు పెట్టాను.

మంగమ్మ తన చోట్లో కూర్చుంది. ముందు బుట్టలో వానమట్టలు. నేను అదే చోట నిలబడి, ఆ రోజు అన్నంత గట్టిగా, "ఆ రోజు నేను తప్పు చెప్పాను. మంగమ్మ ఏ మందూ కలపలేదు. ల్యాబు కూడా అదే చెప్పింది," అన్నాను. జనం పోగయ్యారు. నమ్మలేదు. ఒకాయన, "ఎంత ముట్టిందండీ?" అన్నాడు.

పట్టీ తీసి ఆవిడ చేప మీద రుద్దాను. నీలం. గుంపులో ఒక చప్పుడు లేచింది. నేను ఆగకుండా పక్క బుట్టలో వానమట్ట తీసి రుద్దాను. నీలం. మూడో బుట్ట, నాలుగో బుట్ట. ఒకచోట లేతగా, ఒకచోట ముదురుగా, అన్నీ నీలమే. తర్వాత వేరే జాతి చేపలు, కానాగంతలు, చందువాలు. వాటి పట్టీలు రంగు మారలేదు.

ఇక్కడే నా లెక్క తప్పింది. నేను వివరంగా చెప్పాను, రసాయనం పేరుతో సహా. ఒక్కరూ వినలేదు. నాలుగో బుట్టావిడ లేచి, "ఒక్కదాన్ని ముంచింది చాలక మా అందర్నీ ముంచడానికొచ్చారా?" అంది. వెనకనుంచి సైకిలు మీద ఒకడు, "అయితే అందరి వానమట్టల్లోనూ మందుందన్నమాట," అన్నాడు. జనం వెనక్కి జరగడం కనిపించింది. ఇంకో నిమిషం ఆగితే ఆ వరసలో ఎవరికీ బేరం ఉండేది కాదు.

మంగమ్మ చేతిలో కత్తి కింద పెట్టి, సైకిలువాడి వైపు చూసింది. "అందరి చేపల్లోనూ ఉంటే మరి సముద్రంలోనే కలిపారేంట్రా? మీ మావయ్య డబ్బాలు పడవలో వేసుకుని వెళ్లి పోసొచ్చాడా?"

ముందు వరసలో ఒకరు నవ్వారు. తర్వాత ఇంకొకరు.

"వాళ్ల మావయ్య పోస్తే నీళ్లే పోస్తాడు పిన్నీ, పాలవాడు కదా," అన్నాడు ఎవడో. ఇక షెడ్డంతా నవ్వింది. సైకిలువాడు కూడా నవ్వేశాడు.

నేను పావుగంట చెప్పి ఒప్పించలేనిది ఆ ఒక్క మాట ఒప్పించింది. నాలుగు పడవల్లో వచ్చిన చేప, నాలుగు ఊళ్ల మనుషులు. అందరూ కలిసి ఒకే మందు ఎలా కలుపుతారు? అది వాళ్ల బుర్రకి అందేలా అడిగింది ఆవిడ. నాలుగో బుట్టావిడే ముందు, "సరే, మా ఇంట్లో చిన్నప్పట్నించీ తింటన్నాం, ఎవరు పోయారు?" అంది. ఒక ముసలాయన సంచీ చాపి, "రెండు వీసెలు వెయ్యమ్మా, ఇన్‌స్పెక్టరు రెండుసార్లు తనిఖీ చేశాక ఇంకేం అనుమానం," అన్నాడు. ఆవిడ బేరం చేసింది. చోటు ఆవిడకే ఉండిపోయింది.

మాట మాత్రం పోలేదు. పోదని నాకు ముందే తెలుసు. కాలేజీ బస్సుల్లో ఇప్పటికీ 'మంగచేప' అంటారు, ఆ మంగ ఎవరో వాళ్లకి తెలియదు. అలా తెలియకపోవడమే నాకు కాస్త ఊరట. నోటు పుస్తకంలో ఆ పేజీ మీద మాట, అర్థం తప్ప మిగతాదంతా కొట్టేశాను. ఆ కింద, ఆ పేరుగల మనిషి తప్పు చేయలేదని, తప్పు చేసింది ఫలానా ఇన్‌స్పెక్టరని నా పేరు రాశాను.

ఆ తర్వాత

తర్వాత రిటైరయ్యే దాకా ఏ బుట్ట దగ్గరా పక్క బుట్ట చూడకుండా కదల్లేదు. అది నాకు మంగమ్మ నేర్పిన పని. ఉద్యోగంలో నేను సంతోషంగా తలుచుకునే రోజులు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ, నేను ఏమీ ప్రకటించకుండా తిరిగొచ్చిన రోజులే. ఇప్పుడు జర్మన్ కూడా నెమ్మదిగా సాగుతోంది. లలిత గారు నా ఉచ్చారణ బాగుపడిందంటారు. ఆవిడ మర్యాదస్తురాలు.

మొన్న మంగళవారం చేపల కోసం ఆ సంతకి వెళ్లాను. కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టరమ్మ ఒకావిడ, మెడలో కార్డు, చేతిలో పట్టీల పెట్టె, రేకుల షెడ్డు కింద నిలబడి ఉంది. మంగమ్మ బుట్ట దగ్గరే. అప్పటికే పదిమంది చుట్టూ చేరి, ఫోన్లు పైకెత్తారు. పట్టీ నీలం తిరిగింది.

"ఏంటి మేడం, ఏంటి?" అన్నారు ఎవరో. ఆ అమ్మాయి నోరు తెరిచింది.

మంగమ్మ కూర్చున్నచోటే చెయ్యి అడ్డుపెట్టింది. "ఆగమ్మా. పట్టీ ఎన్నైనా రుద్దుకో. పక్క బుట్టలో కూడా రుద్దు. ముక్క కోసిస్తాను, పట్టుకెళ్లు. కానీ ల్యాబు కాగితం వచ్చేదాకా ఏం అనకు. నీకు పుణ్యముంటుంది."

ఆ అమ్మాయి ఒక క్షణం ఆవిడ మొహం చూసింది. నోరు మూసుకుని పక్క బుట్ట వైపు వంగింది. ఫోన్లు ఒక్కొక్కటే కిందకి దిగాయి.

మంగమ్మ నా సంచీలో చేపలు వేస్తూ, "మీకు నేర్పడానికి నాలుగు సంతలు పట్టిందండి బాబూ," అంది. "ఈ అమ్మాయి నయం. చెబితే వింది."